టూరిన్‌లో 36 అనకండి

పోయిన చలికాలం ఆఫీసు పని మీద మూడు నెలలు ఇటలీలోని టూరిన్‌లో ఉన్నాను. కార్లలో వాడే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. వెళ్లిన రెండో వారమే ఓ పొరపాటు చేశాను. లంచ్ టేబుల్ దగ్గర అందరూ ఫుట్‌బాల్ మాట్లాడుకుంటున్నారు. మనకీ కొంచెం తెలుసని చూపించుకోవాలి కదా! "జువెంటస్ 36 సార్లు లీగ్ గెలిచింది, మామూలు విషయమా!" అన్నాను. గాలి మాట కాదు, టేబుల్ కింద ఫోన్‌లో చూసి మరీ చెప్పిన నంబరు.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. నా ఎదురుగా ఉన్న సీనియర్ కొలీగ్ ఫోర్కు పక్కన పెట్టి, "38" అన్నాడు. టేబుల్ చివర్నుంచి ఇంకొకాయన అందుకున్నాడు. "36. అందులో మళ్లీ ఎన్ని నిజమో దేవుడికే తెలియాలి." ఆ తర్వాత ఇరవై నిమిషాలు అంతా ఇటాలియన్‌లో నడిచింది. నాకు పట్టుబడింది ఒకే ఒక్క మాట, "లాద్రీ". రూముకెళ్లి యాప్‌లో చూసుకున్నా. దొంగలు అని అర్థం.

ఒక టీమ్ ఎన్నిసార్లు గెలిచిందన్నది లెక్క కదా, దాంట్లో అభిప్రాయాలేంటి? ఒకే విషయానికి రెండు డేటాబేసులు, రెండిట్లో రెండు నంబర్లు ఉంటే మా భాషలో అది బగ్. టికెట్ రాసి ఎవరో ఒకరి నెత్తిన పడేస్తాం. టూరిన్‌లో మాత్రం ఆ బగ్‌ని పద్దెనిమిదేళ్లకు పైగా ఎవరూ మూయనివ్వట్లేదు.

మనవాళ్లు ఇటలీ వెళ్తే రోమ్, వెనిస్, మిలాన్ ఫొటోలు పెడతారు కానీ టూరిన్ వైపు పెద్దగా రారు. చక్కటి ఊరు. వీధుల వెంట కిలోమీటర్ల కొద్దీ వరండాలు, వాన పడుతున్నా గొడుగు లేకుండా నడిచిపోవచ్చు. ఎండ కాసిన రోజు ఆల్ప్స్ కొండలు పక్క గల్లీలో ఉన్నంత దగ్గరగా కనిపిస్తాయి. కాఫీ, చాక్లెట్, మీగడ పొరలుగా పోసి చిన్న గ్లాసులో ఇచ్చే బిచెరిన్ తాగితే మన ఫిల్టర్ కాఫీ మీద బెంగ ఒక పది నిమిషాలు తగ్గుతుంది. పది నిమిషాలే.

ఇది ఫియట్ ఊరు. లింగోట్టో అని పాత కార్ల ఫ్యాక్టరీ ఉంది. కింది అంతస్తులో పని మొదలై, అంతస్తు అంతస్తూ ఎక్కుతూ కారు తయారై, చివరికి మేడ మీదున్న ట్రాక్ మీద పరుగు తీసేది. ఇప్పుడా మేడ మీద తోట వేశారు. ఆ ఫ్యాక్టరీ మొదలైంది 1923లో. ఫియట్ యజమానులైన అన్యెల్లి కుటుంబం జువెంటస్ క్లబ్ పగ్గాలు పట్టుకుందీ అదే ఏడాది. పని కోసం దక్షిణ ఇటలీ నుంచి రైళ్లెక్కి వచ్చినవాళ్లు వేలకు వేలు. వాళ్లలో చాలామందికి పగలు ఫియట్, ఆదివారం జువెంటస్. ఆ రోజు "38" అన్న మా కొలీగ్ వాళ్ల నాన్న కూడా అలా కలాబ్రియా నుంచి వచ్చి మిరాఫియోరి ప్లాంట్‌లో పని చేసి రిటైరైన మనిషే.

నా తప్పు సరిదిద్దాలనుకున్నాడో ఏమో, ఒక శనివారం ఆయనే నన్ను స్టేడియం చూపించడానికి తీసుకెళ్లాడు. ఊరికి వాయవ్యంగా, 1990 ప్రపంచ కప్ కోసం కట్టిన పాత స్టేడియాన్ని పడగొట్టి అదే చోట కట్టారు. 2011లో తెరిచారు. దాదాపు 41 వేల సీట్లు. ముందు వరస సీట్లో కూర్చుంటే గడ్డి వాసన వస్తుంది. బయట స్కార్ఫులు అమ్మే బండి మీద తెలుపు నలుపు చారల మధ్య పెద్ద అంకె, 38. బండివాణ్ని "36 ఉందా?" అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. కొలీగ్ మొహం చూసి ఊరుకున్నా.

ఇంతకీ ఆ రెండూ ఎక్కడ పోయాయి?

2006 మే నెల. ఇటలీ పేపర్లలో ఫోన్ సంభాషణలు అచ్చయ్యాయి. పోలీసులు రికార్డు చేసినవి. జువెంటస్ జనరల్ డైరెక్టర్ లుచానో మొజ్జి, ఏ మ్యాచ్‌కి ఏ రిఫరీని వెయ్యాలో చూసే పెద్దలతో మాట్లాడుతున్న కాల్స్. ఫలానా మ్యాచ్‌ని ఇంత డబ్బుకి కొన్నారు అన్న సినిమా మార్కు కథ కాదిది. పరీక్ష పేపర్ దిద్దే మాస్టారు ఎవరో నిర్ణయించే ఆఫీసులో మనకి చనువు ఉండటం లాంటిది. మార్కులు వేయించుకున్నట్టు ఎవరూ చూడలేదు. కానీ ఆ చనువు ఎందుకు?

అప్పుడే జర్మనీలో ప్రపంచ కప్. జులై 9న బెర్లిన్‌లో ఫైనల్. ఇటలీ, ఫ్రాన్స్ రెండు వైపులా కలిపి ఆ రోజు మైదానంలోకి దిగిన జువెంటస్ ఆటగాళ్లు ఎనిమిది మంది. ఇటలీ కప్పు గెలిచింది. ఊళ్లన్నీ రోడ్ల మీదకొచ్చాయి. ఐదు రోజులకి తీర్పు. 2005, 2006 టైటిళ్లు రెండూ రద్దు. క్లబ్ చరిత్రలో మొదటిసారి కింది డివిజన్ అయిన సెరీ బికి. అక్కడ కూడా మైనస్ 30 పాయింట్లతో మొదలుపెట్టాలి. అప్పీళ్ల మీద అప్పీళ్లు వెళ్లి అది 17 అయ్యి, చివరికి 9 దగ్గర ఆగింది. మిలాన్, ఫియొరెంటీనా, లాజియో లాంటి క్లబ్బులకీ పాయింట్ల కోత పడింది కానీ వాళ్లు పై డివిజన్‌లోనే ఉన్నారు. 2006 టైటిల్‌ని ఇంటర్ మిలాన్‌కి ఇచ్చేశారు. 2005ది ఎవరికీ ఇవ్వలేదు.

"ఇంటర్‌కి ఇచ్చింది టైటిల్ కాదు, అట్టముక్క," అన్నాడు కొలీగ్. జువెంటస్ ఫ్యాన్స్ అందరూ దాన్ని అట్ట టైటిల్ అనే అంటారు. ఆయన కోపానికి ఒక కారణం ఉంది. 2011లో ఫెడరేషన్ ప్రాసిక్యూటరే ఒక రిపోర్టు ఇచ్చాడు. ఇంటర్ వైపు నుంచి కూడా అలాంటి కాల్స్ వెళ్లాయని, విచారించాల్సిన విషయమేనని, కాకపోతే కాలపరిమితి దాటిపోయిందని. ఇంటర్ తరఫున జవాబు చెప్పాల్సిన పెద్దమనిషి ఫక్కెట్టి 2006లోనే చనిపోయాడు. ఆ టైటిల్ వెనక్కి తీసుకునే అధికారం తమకు లేదని ఫెడరేషన్ తేల్చేసింది. 2015లో మొజ్జి క్రిమినల్ కేసులో ప్రధాన అభియోగం కూడా సుప్రీంకోర్టులో ఇదే కాలపరిమితి దాటి ముగిసింది. అంటే ఎవరి లెక్కా ఎవరూ పూర్తిగా తేల్చలేదు. తేలని లెక్క దొరికితే ఫ్యాన్ ఊరుకుంటాడా? 2012లో జువెంటస్ మళ్లీ లీగ్ గెలిచింది. ఫెడరేషన్ ప్రకారం అది 28వది. క్లబ్ ప్రకారం 30. అక్కడ పది టైటిళ్లకి జెర్సీ మీద ఒక నక్షత్రం. మూడో నక్షత్రానికి ఫెడరేషన్ ఒప్పుకోదు కాబట్టి క్లబ్ అసలు నక్షత్రాలే తీసేసి, ఎంబ్లెమ్ కింద "30 సుల్ కాంపో" అని రాయించింది. మైదానంలో గెలిచినవి 30 అని.

"అంటే తప్పు చెయ్యలేదంటారా?" అని అడిగాను.

ఆయన కొంచెంసేపు గ్రౌండ్ వైపు చూశాడు. "చేశారు. నేను ఆ కాల్స్ అన్నీ చదివాను. వాళ్లు చెయ్యలేదని నేనెప్పుడూ అనను. వాళ్లు మాత్రమే చేశారని ఎవడైనా అంటే మాత్రం ఊరుకోను."

చిన్నప్పుడు మా గల్లీ క్రికెట్‌లో తొండి చేసి దొరికినవాడు కూడా ఇదే మాట అనేవాడు. "మరి వాడు నిన్న చేసినప్పుడు ఏమన్నారు?" అని. తొండి చేశాడని బ్యాట్ లాక్కునేవాళ్లం, పది నిమిషాల్లో తిరిగిచ్చేవాళ్లం. బ్యాట్ వాడిదే కాబట్టి.

ఆ సెరీ బి సీజన్ గురించి మాత్రం కొలీగ్ పండగ చెప్పినట్టు చెప్పాడు. ఇబ్రహిమోవిచ్, వియెరా ఇంటర్‌కి వెళ్లిపోయారు. కన్నవారో రియల్ మాడ్రిడ్‌కి, జంబ్రొట్టా, తురామ్ బార్సిలోనాకి. బుఫాన్, దెల్ పియెరో, నెద్వెద్, త్రెజెగె, కమొరనేసి ఉండిపోయారు. ప్రపంచ కప్ గెలిచిన రెండు నెలలకే బుఫాన్ సముద్రం ఒడ్డునున్న రిమిని అనే ఊళ్లో చిన్న స్టేడియంలో గోల్ కాశాడు. మొదటి మ్యాచ్, 1-1. కొలీగ్ ఆ ఏడాదే జీవితంలో మొదటిసారి సీజన్ టికెట్ కొన్నాడట. "గెలిచేటప్పుడు టీవీలో చూసేవాణ్ని. శిక్ష పడ్డాక స్టేడియానికి వెళ్లాను," అన్నాడు. ఫ్రొసినోనె మీద దెల్ పియెరో జువెంటస్ తరఫున 200వ గోల్ కొట్టినప్పుడు అక్కడే ఉన్నాడు. ఆ ఏడాదే లీగ్‌లో మొదటి స్థానంతో పైకి వచ్చేశారు.

"మరి మీ నాన్నగారు?"

"నాన్న రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు."

ఎందుకని అడిగితే ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. వాళ్ల నాన్నకి శిక్ష గురించి కోపం లేదట. మొజ్జి మీద కూడా పెద్దగా లేదట. ఫ్యాక్టరీలో పై అధికారులు ఎలా ఉంటారో చూసిన మనిషి. ఆయన బాధ ఇంకొకటి. షిఫ్టు దిగి, పిల్లాణ్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లి చూసిన మ్యాచ్‌లన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని, "ఆ పెనాల్టీ నిజమేనా? ఆ ఆఫ్‌సైడ్ నిజమేనా?" అని అడిగేవాడట. కేసుతో సంబంధం లేని ఏళ్లవి కూడా. రెండు టైటిళ్లు తీసుకెళ్లింది ఫెడరేషన్. ఆయన మాత్రం చూసినవన్నీ ఒక్కటొక్కటిగా పోగొట్టుకున్నాడు. 2010లో పోయాడు. కొడుకు 38 అని గట్టిగా అరిచేది ఎవరికి వినిపించడానికో ఆ రోజు నాకు కాస్త అర్థమైంది.

ఇక 2023 సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఈసారి రిఫరీలు కాదు, అకౌంట్లు. నా పాత బైక్ నీకు పది లక్షలకి, నీ పాత బైక్ నాకు పది లక్షలకి అమ్ముకున్నాం అనుకోండి. రూపాయి చేతులు మారదు, ఇద్దరి పుస్తకాల్లోనూ లాభం కనబడుతుంది. ఆటగాళ్ల బదిలీల్లో ఇలాంటి గారడీ చేశారని జనవరి 20న 15 పాయింట్లు కోసేశారు. 37 పాయింట్లతో మూడో స్థానంలో ఉన్న టీమ్ 22తో పదో స్థానానికి. ఏప్రిల్‌లో ఆ 15 తిరిగిచ్చారు. మే 22న, ఎంపొలీతో మ్యాచ్ కాసేపట్లో మొదలవుతుందనగా, మళ్లీ 10 కోశారు. ఆ మ్యాచ్ 4-1తో ఓడిపోయారు. సీజన్ చివరికి ఏడో స్థానం.

అప్పుడు ఫ్యాన్స్ ఏం చేశారంటే, స్కై, డాజోన్ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకుని స్క్రీన్‌షాట్లు పెట్టారు. కొలీగ్ కూడా చేశాడు. "మాతో బదిలీలు చేసిన మిగతా క్లబ్బుల్ని వదిలేశారు. ఒక్కడే చప్పట్లు కొట్టగలడా?" అన్నాడు. పాయింటే. కానీ నాకొకటి వింతగా అనిపించింది. కోపం అంతా శిక్ష వేసినవాళ్ల మీద, మ్యాచ్ చూపించేవాళ్ల మీద. లెక్కలు తిప్పినవాళ్ల మీద ఎవరూ స్క్రీన్‌షాట్ పెట్టలేదు. ఆ మాట ఆయనతో అనలేదు. నెలన్నర ఇంకా ఆ ఆఫీసులోనే తినాలి మరి.

నేను అద్దెకున్న ఇల్లు ఊరికి దక్షిణాన, ఫిలడెల్ఫియా మైదానానికి నడిచి వెళ్లే దూరంలో. అది ఊళ్లోని రెండో క్లబ్, టొరినోది. ఓనరమ్మకి డెబ్బై దాటుంటాయి. మెరూన్ రంగు టొరినో జెండా వంటింట్లో, ఫ్రిజ్ పక్కన. నేను జువెంటస్ స్టేడియానికి వెళ్లొచ్చానని తెలిసి, "పర్సు చూసుకున్నావా?" అని అడిగింది. ఆవిడ జోకులన్నీ ఆ ఒక్క విషయం మీదే.

ఒక రాత్రి టొరినో చరిత్ర చదువుతుంటే నాకో సంగతి దొరికింది. టొరినో అధికారిక లెక్క 7 టైటిళ్లు. గెలిచింది ఎనిమిది. 1927లో గెలిచిన టైటిల్‌ని రద్దు చేశారు. ఎందుకో తెలుసా? ఆ ఏడాది జూన్ 5న జరిగిన మ్యాచ్‌లో ప్రత్యర్థి డిఫెండర్ అల్లెమాందికి టొరినో మనిషి ఒకడు డబ్బు ఇవ్వజూపాడని. ఆ ప్రత్యర్థి ఎవరనుకున్నారు? జువెంటసే! టొరినో 2-1తో గెలిచింది. 50 వేల లిరాల బేరమని, సగం అడ్వాన్సు ఇచ్చారని, ఆయనేమో ఆ రోజు చాలా బాగా ఆడేశాడని, అందుకే మిగతా సగం ఎగ్గొట్టారని, ఆ గొడవ పక్క గదిలోకి వినబడి బయటపడిందని చెప్పుకుంటారు. అల్లెమాందికి జీవితకాల నిషేధం వేసి, తర్వాత క్షమించారు. 1934లో ఆయన ఇటలీ తరఫున ప్రపంచ కప్ గెలిచాడు కూడా.

పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి, "సిన్యోరా, మరి 1927 సంగతేంటి?" అన్నాను.

ఆవిడ స్టవ్ మీద కాఫీ కుండని అలాగే వదిలేసి నా వైపు తిరిగింది. "అది వేరు!"

"ఎలా వేరు?"

"అప్పటి ఫెడరేషన్ పెద్ద అర్పినాతి. బొలోన్యా వాడు, ముస్సోలినీ మనిషి. ఆ ఏడాది రెండో స్థానం ఎవరిది? బొలోన్యాది. ఇంకా ఏం చెప్పమంటావు?"

టైటిల్‌ని బొలోన్యాకి కూడా ఇవ్వలేదు కదా అని నేననే లోపు కాఫీ పొంగింది. ఆ టైటిల్ తిరిగి ఇమ్మని టొరినోవాళ్లు ఈ మధ్య కూడా అడిగారు. దాదాపు వందేళ్లు. నేరం చేసినవాళ్లు, తీర్పు చెప్పినవాళ్లు, ఆ మ్యాచ్ చూసినవాళ్లు ఎవరూ లేరు. ఓనరమ్మ అప్పటికి పుట్టనే లేదు. కానీ కాఫీ పొంగేంత కోపం ఉంది.

అదే ఆదివారం ఆవిడ మాట మీద సుపెర్గా కొండ ఎక్కాను. సాస్సి అనే చోటి నుంచి పాతకాలం పళ్లచక్రాల ట్రామ్ మెల్లగా పైకి లాక్కెళ్తుంది. పైన పెద్ద చర్చి. దాని వెనక్కి వెళ్తే గోడ, రాయి, పేర్లు, మెరూన్ స్కార్ఫులు. 1949 మే 4న లిస్బన్ నుంచి తిరిగొస్తున్న టొరినో టీమ్ విమానం మంచులో ఆ గోడనే గుద్దుకుంది. 31 మంది పోయారు. లీగ్‌లో ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలున్నాయి. టొరినో కుర్రాళ్ల టీమ్‌ని దింపితే, ఎదుటి జట్లు కూడా తమ కుర్రాళ్లనే దింపాయి. ఆ టైటిల్ గురించి మాత్రం ఊళ్లో ఎవరూ, ఏ రంగు స్కార్ఫ్ వాళ్లూ, నాతో లెక్క తేడా చెప్పలేదు.

చలి బాగా ఉంది. కింద ఊరంతా పొగమంచు. బెంచీ మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను.

మా నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి. మాది హైదరాబాద్, చిక్కడపల్లి. నాన్నకి అజహరుద్దీన్ అంటే ప్రాణం. బీరువా తలుపు మీద స్పోర్ట్స్ పత్రికలోంచి కత్తిరించిన పెద్ద బొమ్మ, కాలర్ పైకి లేపి నవ్వుతున్నది. 2000 డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో బోర్డు జీవితకాల నిషేధం వేసినప్పుడు నాకు మూడేళ్లు. అమ్మ చెప్పిన ప్రకారం నాన్న ఆ రోజు ఏమీ అనలేదు. బొమ్మ చింపనూ లేదు. దాని మీద కొత్త ఏడాది క్యాలెండర్ తగిలించాడు. ఏటా దాని మీద ఇంకొకటి. నాకు ఊహ తెలిశాక ఆయన ఒక్క క్రికెట్ మ్యాచ్ చూడటం నేను చూడలేదు. 2011 ప్రపంచ కప్ ఫైనల్ రోజు కూడా మేడ మీద మొక్కలకి నీళ్లు పోస్తూ కూర్చున్నాడు. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసినప్పుడు పేపర్ చదివి మడిచి పెట్టాడంతే. నేను ఇంజనీరింగ్‌లో ఉండగా ఇల్లు మారుతుంటే క్యాలెండర్ల కింద ఆ బొమ్మ బయటపడింది. నాన్న దాన్ని జాగ్రత్తగా ఊడదీసి చుట్ట చుట్టాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

"ఏం రా, తిన్నవా?" అన్నాడు ఫోన్‌లో.

తిన్నానన్నాను. కొలీగ్ వాళ్ల నాన్న కథ చెప్పాను. ఆ పెనాల్టీ నిజమేనా అని ఒక్కొక్క మ్యాచ్ గురించి అడిగేవాడట నాన్నా, అని. అవతల చాలాసేపు చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నా.

"లార్డ్స్‌ల 121 కొట్టిండు," అన్నాడు నాన్న. "తొంభైల. నూట పదకొండు బంతులల్ల. నేను రేడియోల విన్న. నువ్వు యూట్యూబ్‌ల చూసినవా?"

"చూసిన నాన్నా."

"ఎట్లుంది?"

"మణికట్టు తిప్పితే చాలు, బాల్ బౌండరీ కాడ ఉంటది."

"ఆఁ," అన్నాడు. మళ్లీ కాసేపు ఆగి, "అక్కడ చలి ఉందా?" అన్నాడు.

ఉందని చెప్పాను. కింద నుంచి ట్రామ్ పైకొస్తున్న చప్పుడు వినిపించింది. ఆఖరి ట్రామ్ ఎన్నింటికో కనుక్కోవడం మర్చిపోయానని గుర్తొచ్చి లేచాను.